అక్క చూడని చివరి ఎపిసోడ్

ఎవరైనా మంచి క్రైమ్ సీరీస్ ఒకటి చెప్పమని అడిగితే నేను వెంటనే చెప్పను. ఎక్కడ కూర్చుని చూస్తారని ముందు అడుగుతాను. వంట చేసుకుంటూ చూసేవాళ్లకు ఒకటి సరిపోతుంది. కామారెడ్డి నుంచి నిజామాబాద్ దాకా రోజూ బస్సులో పోయి వచ్చేవాళ్లకు ఇంకొకటి. మంచం మీద పడుకొని, ఒక చెయ్యి మిషన్‌కు ఇచ్చేసి, గంటల తరబడి కదలకుండా చూడాల్సిన మనిషికి ఏది సరిపోతుందో మా అక్క పక్కన కూర్చున్నాకే తెలిసింది.

నేను కామారెడ్డిలో ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేస్తాను. పగలంతా పుస్తకాల మధ్య ఉండి, ఇంటికి వచ్చి హత్యల కథలు చూస్తానంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. నాకు అందులో వింత కనిపించదు. మంచి సీరీస్‌లో ఒక మనిషి ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని ప్రశ్న అడుగుతాడు, జవాబు కోసం ఆగుతాడు. బయట ఎవరూ అంతసేపు ఆగరు.

అక్కది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. రెండు కిడ్నీలూ పాడయ్యాక బావ ఆమెను వారానికి మూడుసార్లు బస్సులో కామారెడ్డికి తీసుకొచ్చేవాడు. డయాలసిస్ జరిగినంతసేపు సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. మొదట్లో ఆమె పైన తిరిగే ఫ్యాన్‌ను చూస్తూ పడుకునేది. కాలేజీలో సెలవు అడిగి నేను వెళ్లిన ఒక రోజు నా ఫోన్ తీసి, ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టాను. ఫోన్ నేను పట్టుకున్నాను. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా వెళ్లాను.

మొదటి ఎంపిక తప్పయింది. నాకు చాలా ఇష్టమైన సీరీస్ పెట్టాను. మంచు దేశం, చిన్న ఊరు, భార్య పోయిన ముసలి డిటెక్టివ్. ఆయన ఎక్కువగా కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. నేనది రెండుసార్లు చూశాను. అక్క కొంచెంసేపు చూసి, "ఈయన ఎప్పుడు మాట్లాడుతడే?" అంది.

"జర ఓపిక పట్టు. లోపల్లోపల ఆలోచిస్తున్నడు."

"లోపల ఆలోచిస్తే నాకేం ఎరుక? గంటసేపు బర్రె లెక్క చూసుడే సరిపాయె."

తర్వాత నిద్రపోయింది. ఆ సీరీస్ ఇప్పటికీ మంచిదే అంటాను. ఒంట్లో బాధ లేని రోజున, ఒంటరిగా ఉన్నప్పుడు చూడాలి.

రెండోసారి రైల్వే జంక్షన్ ఉన్న ఊరి కథ పెట్టాను. పార్శిల్ ఆఫీసు వెనక ఒక కూలీ చచ్చిపడి ఉంటాడు. విచారించేది ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒకరు పడుచు పిల్ల, ఇంకొకరు రిటైర్ కాబోతున్న పెద్దాయన. ఎవరూ పరుగెత్తరు, తుపాకీ కనిపించదు. ఒకే ప్రశ్నను ఊళ్లో అందరినీ అడుగుతూ పోతారు. ప్రతివాళ్లూ ఏదో ఒకటి దాస్తారు, చాలామంది దాచేదానికి ఆ చావుతో సంబంధం ఉండదు. అక్కకు ఇది నచ్చింది. "ఈ ముసలాయన మీ బావోళ్ల పెద్దబాపు లెక్కనే ఉన్నడు. ఒక్క మాట అడగనీకె ఊరి ముచ్చటంత చెప్తడు" అని నవ్వింది. నవ్వితే చెయ్యి కదులుతుందని నర్సు వచ్చి కోప్పడింది.

కొత్తగా చూసేవాళ్లకు ఎప్పుడూ దీన్నే ముందు చెబుతాను.

ఇంకొకటి ఉప్పు మడుల కథ. సముద్రం పక్కన ఉప్పు పండించే చోట గుర్తు తెలియని శవం దొరుకుతుంది. ఇన్‌స్పెక్టర్ ఎవరు చంపారని అడగదు. ఇతను ఎవరు, ఎక్కడ తిన్నాడు, ఎవరు ఎదురుచూస్తున్నారు అని అడుగుతుంది. సగం ఎపిసోడ్లు అయ్యాక గాని చచ్చినవాడి పేరు తెలియదు. హంతకుడు దొరికినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. పేరు తెలిసినప్పుడు మాత్రం అక్క వెనక్కి జరపమని, ఆ పేరును మళ్లీ ఒకసారి విన్నది.

అక్క చూసే పద్ధతి వేరు. నేను సాక్ష్యాల వెనక పోతుంటే ఆమె చావు జరిగిన ఇంటి వైపు చూసేది. పొయ్యి ఎవరు ముట్టించారు, పిల్లలకు అన్నం ఎవరు పెట్టారు, చచ్చినామె బట్టలు ఏం చేశారు. అవి చూపించకపోతే ఆ సీరీస్ మీద ఆమెకు నమ్మకం పోయేది. ఒకదాంట్లో తల్లి హత్య జరిగిన మర్నాడే కూతురు ఇస్త్రీ బట్టలు కట్టుకొని ఆఫీసుకు పోయింది. "ఇది అబద్ధం. తీసెయ్" అంది. తీసేశాను. ఆ తర్వాత నేను కూడా అట్లాగే ఎంచడం నేర్చుకున్నాను.

బావకు ఇదంతా నచ్చేది కాదు. ఆయన బయట బెంచీ మీద కూర్చునేవాడు, మధ్యలో తలుపు దగ్గరికి వచ్చి చూసేవాడు.

"రోగంల ఉన్న మనిషికి సావుల కథలేంది? దేవుని పాటలు పెట్టరాదు?"

"దేవుని పాటలు పెడితే నాకు టైం దగ్గర పడ్డట్టు అనిపిస్తది. ఇవైతే చచ్చేటోళ్లు వేరేటోళ్లు గద" అనేది అక్క. ఆయన తల ఊపుతూ బెంచీ మీదికి పోయేవాడు.

ఊళ్లో ఆమెకు ఇంకో తోడు ఉండేది. పక్కింట్లో బట్టలు కుట్టే ఒక ముస్లిం ఇల్లాలు. ఆమె భర్త దుబాయ్‌లో ఉంటాడు. ఆయన ఫోన్‌లో పెట్టించిన యాప్‌లోనే ఆమె కూడా అవే సీరీస్ చూసేది, కాని ఎప్పుడూ మాకంటే వెనక ఉండేది. పెళ్లిళ్ల కాలమైతే ఇంకా వెనక. బస్సు దిగి అక్క ఇల్లు చేరగానే ఆమె గోడ మీదుగా, "అక్కా, ఏం చెప్పకు. ఏం చెప్పకుండనే బాగున్నదా లేదా చెప్పు" అని అరిచేదట. ముగింపు ముందే చెప్పినవాళ్లంటే ఇద్దరికీ కోపం. ఒకసారి మా చుట్టం ఒకామె పరామర్శకు వచ్చి, ఫోన్‌లోకి తొంగి చూసి, "వాడే గద చంపేది" అంది. ఆమె పోయేదాకా అక్క కళ్లు మూసుకొని పడుకుంది. తర్వాత ఆమె ఫోన్ చేసినా చాలాకాలం ఎత్తలేదు.

ఆఖరుగా మేము చూసింది కొండల్లో యాపిల్ తోటల ఊరి కథ. ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం. ఆ ఇంటి పిల్లలకు చదువు చెప్పిన టీచరమ్మ పండ్లు నిల్వ చేసే గదిలో చచ్చిపోయి ఉంటుంది. నేను అంతకుముందే చూశాను. నచ్చితేనే అక్కకు పెట్టేదాన్ని. చివరి ఎపిసోడ్ ఒక్కటి మిగిలింది. ఆ వేళ ఆమెకు నీరసంగా ఉంది. "మిగిలింది మంగళారం చూద్దాం తీ" అంది. మంగళవారం రాలేదు. ఆదివారం పొద్దున పాలు పిండుకొని వచ్చిన బావ పిలిస్తే ఆమె పలకలేదు.

మా వైపు మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, దహనం చేసిన చోట విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. అప్పటిదాకా ఎవరూ తినరు. నాకు దీని మీద నమ్మకం లేదు. బావ వాళ్ల చెలకలో, ఆ మెట్ట చేని గట్టున నిలబడి ఉన్నప్పుడు కూడా లేదు. కాని బావ ఆదివారం నుంచి చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు. ఎంత చెప్పినా, "దాన్ని తిననియ్యి ముందుగాల" అన్నాడు. ఆయనకు షుగర్ ఉంది. ముందు రోజు కళ్లు తిరిగి గోడ పట్టుకొని కూర్చున్నాడు. ఆ పిట్ట ముట్టడం ఆయన కోసమైనా కావాలి.

విస్తరి నిండా ఇన్నాళ్లూ డాక్టర్లు ఆమెకు వద్దన్నవే. టమాట చారు, మామిడికాయ తొక్కు, అరటిపండు, మటన్ కూర. పక్కింటామె బగారన్నం వండుకొచ్చింది. బావ ఒక చెంబు నిండా నీళ్లు పెట్టాడు. నీళ్లు కూడా కొలిచి తాగిన మనిషికి ఆ చెంబు పెట్టడానికి ఆయన చేతులు కొంచెం ఆలస్యం చేశాయి.

అందరం తుమ్మచెట్టు నీడకు వచ్చాం. కాకులు లేకపోలేదు. పక్క పొలంలో ట్రాక్టర్ దున్నుతుంటే దాని వెనకే వాలుతూ, లేచిన పురుగులను ఏరుకుంటున్నాయి. మా వైపు ఒక్కటీ రాలేదు. ఎండ ఎక్కింది.

బావ వాళ్ల పెద్దనాన్న, అక్క చెప్పిన ఆ పెద్దబాపు, కర్ర మీద గడ్డం ఆనించి, "మనసుల ఏదో ఉన్నది. మాట ఇయ్యుండ్రి" అన్నాడు.

బావ చేతులు జోడించి ముందుకు నడిచాడు. "నువ్వు చెప్పినట్టే చిన్న బర్రెను ఎవరికి అమ్మ. మీ చెల్లెను మంచిగ చూసుకుంట." కాకి రాలేదు. ఆయన ఇంకాస్త గొంతు పెంచి, "కల్లు బందు చేస్త" అన్నాడు.

"అరె, రానున్న పిట్ట గూడ ఆ మాటకు పోయింది. నమ్మేటిది చెప్పురా" అన్నాడు పెద్దబాపు. ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. బావ తిరిగి చూడలేదు. అట్లాగే విస్తరి వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు పక్కింటామె నా చెయ్యి గిల్లింది. "చెల్లె, అది గాదు. ఆఖరు ఎపిసోడ్ చూడలే గద అక్క."

మెల్లగానే అంది కాని పెద్దబాపుకు వినిపించింది. "ఏం చూడలే?"

ఆమె చెప్పింది. ఎవరో టీచరమ్మను చంపారని, ఎవరు చంపింది తెలియకుండానే అక్క పోయిందని. పెద్దబాపు చాలా గంభీరంగా విన్నాడు.

"ఎవరు సంపిన్రో నీకు ఎరుకేనా బిడ్డా?"

"ఎరుకే."

"పోయి చెప్పు మరి. గట్టిగ చెప్పు."

పక్కింటామె రెండు చెవులూ మూసుకుంది. "నేను గూడ చూడలే పెద్దబాపు. నేను ఇంక వెనుకున్న."

"నీ కోసం చెప్తలేదమ్మా."

నేను కదలలేదు. చెబితే అక్కకు నచ్చదని అన్నాను. ఆ మాట అన్నాక, నమ్మకం లేని మనిషిని ఇట్లా మాట్లాడుతున్నానేమిటని నాకే అనిపించింది. కాని నిజం అదే. ముగింపు చెప్పినామె ఫోన్ ఎత్తని మనిషికి ముగింపు ఎట్లా చెప్పను?

బావ అప్పుడు మా వైపు తిరిగాడు. "చెప్పకు పిల్ల. పెట్టు. నీ ఫోన్ల ఉన్నదా?"

ఉంది. డయాలసిస్ జరిగే చోట సిగ్నల్ సరిగా రాదని ఎపిసోడ్లు ముందే ఫోన్‌లోకి దించుకొని వెళ్లేదాన్ని. తెలుగు డబ్బింగే. గొంతు పూర్తిగా పెంచి, విస్తరికి కొంచెం ఎడంగా ఒక రాయికి ఆనించి పెట్టి వెనక్కి వచ్చాను.

మేము నిలబడ్డ చోటికి బొమ్మ కనిపించదు, మాట ఒక్కటే వినిపిస్తుంది. ఆ ఎపిసోడ్ మొత్తం ఒకే ఇంట్లో, ఒకే గదిలో జరుగుతుంది. కుటుంబాన్నంతా కూర్చోబెట్టి పోలీసామె ఒక్కొక్కరితో మాట్లాడుతుంది. దున్నే ట్రాక్టర్ దూరం పోయినప్పుడు మాటలు స్పష్టంగా వచ్చేవి, దగ్గరికి వచ్చినప్పుడు కొన్ని పోయేవి.

"గిప్పుడు అన్నదెవరు?" అన్నాడు పెద్దబాపు.

"ఆ ఇంటి పెద్ద కొడుకు."

"గొంతు చూస్తే మంచోడు గాదు."

"డబ్బింగ్ చెప్పినాయన గొంతు పెద్దబాపు అది" అన్నాను.

"ఎవరిదైతేంది. మంచి గొంతు గాదు."

ట్రాక్టర్ వచ్చింది, పోయింది. పోయినంతలో ఏమన్నారని ఒకరినొకరు అడిగారు. వినిపించక పెద్దబాపు రెండడుగులు ముందుకు వేశాడు. పక్కింటామె చెవుల మీద చేతులు ఎప్పుడో తీసేసింది. "నేను మధ్యల రెండు చూడలే. ఈ కోడలికీ మరిదికీ మాటల్లేవా?" అని గుసగుసగా అడుగుతూ ఆమె కూడా ముందుకు జరిగింది. బావ ఇంకా ముందే ఉన్నాడు. ఎవరో చెప్పారని కాదు, ఒక్కొక్కరే గట్టు మీదుగా జరిగి, కాసేపటికి అందరూ ఫోన్ చుట్టూ ఉన్నారు. కొందరు గొంతుక్కూర్చున్నారు. ఎండకు తెర సరిగా కనిపించక పెద్దబాపు తన తువ్వాల దానికి నీడగా పట్టాడు. నేను బావ పక్కన కూర్చొని ఎవరు ఎవరో చెబుతున్నాను. తెరలో చిన్న కోడలు నీళ్ల గ్లాసు కింద పెట్టి, ఆ రోజు గది తాళం చెవి తన దగ్గర లేదని అంది. అందరూ తెర మీదికి ఇంకాస్త వంగారు.

నేనే ముందు చూశాను. విస్తరి పక్కకు జరిగి ఉంది. బగారన్నం మట్టిలో చెదిరి ఉంది. మటన్ ముక్క లేదు.

"విస్తరి" అన్నాను.

అందరూ లేచారు. నేను ఎపిసోడ్ ఆపాను.

"ముట్టిందా?"

"ఎప్పుడు?"

"ఎవరన్న చూసిన్రా?"

ఎవరూ చూడలేదు. ఇంతమందిమి నాలుగడుగుల దూరంలో కూర్చొని, ఒక్కరం కూడా చూడలేదు. పెద్దబాపు ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూశాడు. "నా జన్మల ఎన్ని పిట్టకు పెట్టుళ్లు చూసిన. గిట్ల ఎన్నడు గాలేదు. పిట్టను చూడనీకె వచ్చి సినిమా చూసిన్రు."

"తువ్వాల పట్టింది నువ్వే గద" అంది పక్కింటామె.

ఆయన వినిపించుకోలేదు. వంగి విస్తరిని పరీక్షించడం మొదలుపెట్టాడు. కుక్క అయితే ఆకును గుంజేదని, మెత్తని మన్నులో పంజాల గుర్తులు పడేవని అన్నాడు. ఉడుత అయితే మటన్ ముట్టదన్నాడు. పక్కింటామె కూడా వంగి, చెంబు ఒరగలేదని చూపించింది. ఇంకొకరు దూరంగా గట్టు మీద తిరుగుతున్న పిల్లిని చూపించారు. అది ఊళ్లో పిల్లేనని, మటన్ కనిపిస్తే వదలదని ఒకరు, అది అక్కడి దాకా వచ్చి ఉంటే ఇంతమందికి కనపడదా అని ఇంకొకరు వాదించారు.

బావ ఈ వాదనలో లేడు. విస్తరిని చూస్తున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చూసినవా?"

చూశానంటే అయిపోయేది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఆయన ముఖం ఈ మూడు రోజుల్లో బాగా పీక్కుపోయింది.

"లేదు బావా. నేను గూడ వాళ్ల ముచ్చటే వింటున్న."

ఆయన చెదిరిన మెతుకుల దగ్గర కూర్చొని వాటిని వేలితో ముట్టకుండా కాసేపు చూశాడు. ట్రాక్టర్ చివరి సాలు తిరిగి అటు వైపు పోయింది. దాని వెనక కాకులు లేచి వాలాయి.

"మీ అక్క గూడ గట్లనే ఉండె" అన్నాడు చివరికి. "ఫోన్ల కథ నడుస్తుంటే పక్కన ఏం పెట్టినా చూడకపోయేది. నేను బువ్వ తెచ్చి పెడితే, ఎప్పుడు తిన్నదో నాకు తెల్వకపోయేది. గిన్నె చూస్తె ఖాళీ ఉండేది." లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. "ముట్టింది."

పెద్దబాపు ఇంకేదో అనబోయి, ఆగి, "ముట్టింది. మరి ఆకులెయ్యిండ్రి" అన్నాడు.

చెంబు నీళ్లలో కొన్ని బావ విస్తరి చుట్టూ పోసి, మిగిలినవాటితో చేతులు కడుక్కున్నాడు. తుమ్మచెట్టు కింద ఆకులు వేశారు. పక్కింటామె బగారన్నం వడ్డించింది. అందరూ ఎవరో మొదలుపెట్టాలని చూస్తున్నట్టు కూర్చున్నారు. బావ కలుపుకొని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. రెండోది తొందరగా పోయింది.

"ఎందుకు బందు పెట్టినవ్? ఇంక అయిపోలే గద" అన్నాడు నాతో.

నేను లేచి పోయి ఫోన్ తీసుకొచ్చి, ఆకుల మధ్య ఒక గిన్నెకు ఆనించి పెట్టాను. ఆగిన చోటి నుంచి మొదలైంది. ఎవరో ఏడుస్తున్నారు.

"గీ ఏడ్చేటామె ఎవరు?" అన్నాడు బావ.

"చిన్న కోడలు."

"ఎందుకేడుస్తుంది? ఆమెనే సంపిందా?"

"చెల్లె, చెప్పకు" అంది పక్కింటామె వడ్డిస్తూ.

"విను బావా" అన్నాను. ఆయన తన ఆకును ఫోన్ దగ్గరికి కొంచెం జరుపుకొని, కూర కోసం చెయ్యి చాచాడు.